చలికాలపు ఆటోక్రాస్ పోటీ

అమెరికాలో నున్న మనుమడో మేనల్లుడో ఒక డిసెంబరు ఆదివారమున ఫోనుచేసి, "నేడు ఆటోక్రాస్ పోటీకి పోయి వచ్చితిని, తాతా" అని చెప్పినచో, వినిన పెద్దలకు ముందుగా కలుగునది సంతోషము కాదు, భయము. కార్లు ఒకదాని నొకటి ఒరసికొనుచు, గోడలను గ్రుద్దుకొని పల్టీలు కొట్టు దృశ్యములను టెలివిజనులో మనమందరమును చూచియున్నాము. అందును చలికాలము, ఆ దేశమున రోడ్లపై మంచు పేరుకొను దినములు. చదువుకొని ఉద్యోగము చేసికొనుచున్న పిల్లవానికి ఇట్టి వేళ కారుపందెములతో నేమి పని యని తోచుట సహజమే. ఆ పోటీ యెట్టిదో, అందలి అపాయ మెంతయో, ప్రయోజన మెంతయో తెలిసికొని పిమ్మట మందలించుటయో మెచ్చుకొనుటయో మేలు గనుక, నేడు ఆ విషయమును వివరించెదను.

మొట్టమొదట తెలియవలసినది, ఆటోక్రాసులో కార్లు ఒకదానితో నొకటి పోటీపడి ప్రక్కప్రక్కన పరుగెత్తవు. ఒక్కొక్క కారు విడిగా పోవును. పోటీ గడియారముతోనే. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో సంక్రాంతికిని తిరునాళ్లకును జరుగు బండలాగుడు పోటీలను తలచుకొనుడు. అచ్చట రెండు జతల యెడ్లను ఒక్కసారిగా విడువరు. ఒక జత వచ్చి, నిర్ణయించిన కాలములో బండ నెన్ని అడుగులు లాగినదో కొలిపించుకొని పోవును. పిమ్మట వేరొక జత వచ్చును. ఆటోక్రాసు దీనికి తలక్రిందులు. ఇచ్చట దూరము నిర్ణీతము, కాలమును కొలుతురు. యెడ్లను పండ్లనుబట్టి రెండుపండ్ల జతలనియు నాలుగుపండ్ల జతలనియు వేరుచేసినట్లే, కార్లను గూడ వాని బలమునుబట్టియు, వానికి చేసిన మార్పులనుబట్టియు తరగతులుగా విభజింతురు. కావున పందెముల కొఱకే తయారైన కారు అక్కఱలేదు. నిత్యము ఉద్యోగమునకు పోవు కారునే తీసికొనిపోవువారు పెక్కుమంది. స్త్రీలును పాల్గొందురు, అందు కొందఱు పురుషులకు తీసిపోని కాలములు సాధించుచున్నారు.

ఈ క్రీడకును మన దేశమునకును ఒక చిత్రమైన చుట్టరికము కలదు. సికిందరాబాదు జింఖానా మైదానమును ఎఱుగనివా రరుదు. ఆ జింఖానా యను మాట ఆంగ్లేయుల కాలమున మన దేశముననే పుట్టినది. తొలుత ఆటస్థలమునకు పేరై, పిమ్మట గుఱ్ఱపుస్వారి నేర్పును పరీక్షించు వినోదములకు పేరై, సముద్రము దాటి, మోటారుకార్లు వచ్చిన తరువాత గుఱుతుల నడుమ కారును ఒడుపుగా త్రిప్పు పోటీలకును పేరయ్యెను. నేటి ఆటోక్రాసు ఆ వంశములోనిదే. అమెరికాలో 1944 లో స్థాపింపబడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా అను సంస్థ దీనిని 'సోలో' అను పేర నడుపుచున్నది. 1973 లో దీనికి జాతీయస్థాయి పోటీలు ఆరంభమైనవి. బ్రిటనులో ఆటోక్రాసు అనగా పచ్చికబయలుపై జరుగు పోటీ. మన దేశమున ఆ పేరుగల పోటీలు తఱచు మట్టినేలపై జరుగును. నేను చెప్పబోవునది అమెరికా పద్ధతి.

అచ్చట దీనికి కావలసినది చదునైన, విశాలమైన తారునేలయో సిమెంటునేలయో మాత్రమే. వాడుకలో లేని విమానాశ్రయపు మైదానము, సెలవుదినమున ఖాళీగానుండు పెద్ద పార్కింగు స్థలము సరిపోవును. రోడ్డు మరమ్మతు జరుగుచోట నిలబెట్టు నారింజరంగు శంకువులను మీరు చూచియుందురు. ఆ శంకువులను వందలకొలది వరుసలుగా నిలిపి, మలుపులు, సందులు, పాము నడకవంటి వంకరలు కల్పించి, మైదానమున ఒక దారి యేర్పఱతురు. అది సాధారణముగా ఒక నిమిషములో ముగియు దారి. చాల కార్లకు రెండవ గేరు దాటవలసిన పని యుండదు. వేగము పెద్దరోడ్లపై అనుమతించు వేగమును మించకుండునట్లు దారిని వంకరగా కూర్తురు. ఎదుటినుండి వచ్చు లారీ లేదు, అడ్డమువచ్చు గేదె లేదు, గుద్దుకొనుటకు చెట్టును లేదు. తప్పినచో పడునది రబ్బరుశంకువు. శంకువు పడినను, తన గుఱుతుగీతను పూర్తిగా దాటి జరిగినను, కాలమునకు 2 సెకండ్లు కలుపుదురు. ఒక నిమిషపు పోటీలో రెండు సెకండ్లన్న చాల యెక్కువ. సెకండులో పదియవ వంతుతో గెలుపోటములు తేలుచుండును. దారి తప్పి వేఱొక సందున దూరినవాని పరుగు లెక్కకే రాదు.

ప్రాతఃకాలముననే పాల్గొనువారందఱును రావలెను. ప్రమాదము జరిగినచో నిర్వాహకులపై వ్యాజ్యెము వేయనని సంతకము చేయవలెను. పిమ్మట కారు పరీక్ష. చక్రపు నట్లు బిగువుగా నున్నవా, బ్యాటరీ కదలక యున్నదా, బ్రేకుపెడలు మెత్తగా క్రిందికి దిగిపోవుచున్నదా, నూనె కారుచున్నదా, సీటుబెల్టు సరిగానున్నదా యని చూతురు. కారులో నున్న సీసాలు, గొడుగులు, పుస్తకములు, కాళ్లక్రింద పఱచిన పట్టా సమస్తమును బయట పెట్టవలెను. మలుపులో దొర్లివచ్చిన నీళ్లసీసా బ్రేకుపెడలు క్రింద చిక్కినచో నేమగునో ఊహింపవచ్చును. హెల్మెట్టు తప్పనిసరి. దానిపై స్నెల్ అను సంస్థ ముద్ర యుండుట వాడుక. 1956 లో ఒక పందెములో తలకు దెబ్బతగిలి మరణించిన విలియం స్నెల్ అను ఔత్సాహికుని జ్ఞాపకార్థము, మరుసటియేట స్థాపింపబడినది ఆ సంస్థ.

తరువాత దారిని కాలినడకన చూచుట. ఇది నా దృష్టిలో ఆ దినమునందలి ముఖ్యఘట్టము. నీరు పెట్టబోవు రైతు ముందుగా గట్లన్నియు తిరిగి, ఎచ్చట గండి పడునో, ఎచ్చట మెరక యున్నదో చూచుకొనునట్లు, పోటీదారుడు దారినంతయు రెండుమూడు మారులు నడచి మనస్సున పట్టించుకొనును. చలికాలమున ఈ నడక మఱింత అవసరము. గోడనీడ పడినచోట రాత్రి కురిసిన మంచు కరగక పలుచని పొరగా నిలిచియుండవచ్చును. తారు నలుపులో ఆ పొర కంటికి కానరాదు. నిర్వాహకులు అట్టిచోట్లు లేకుండ దారి వేయుదురు. అట్టిది కనబడినచో చెప్పి మార్పించుట పాల్గొనువారందఱి బాధ్యత.

ఒక్కొక్కరికి దినమునకు నాలుగైదు పరుగులు దొరకును. లెక్కవేసినచో కారు నడుపునది నాలుగైదు నిమిషములే. మిగిలిన కాలములో నొక భాగము కొలువుచేయవలెను. పోటీదారులను గుంపులుగా విభజించి, ఒక గుంపు నడుపుచుండగా మఱియొక గుంపు మైదానమున అక్కడక్కడ నిలిచి, పడిన శంకువులను ఎత్తి నిలుపుచు, లెక్క వ్రాయించుచు, అపాయము తోచినచో ఎఱ్ఱజెండా చూపి కారును ఆపుచు నుండును. ఎవరి కెంత జీతమైనను ఈ పని తప్పదు. ఇంటివద్ద మంచినీళ్ల గ్లాసు తాను ముంచుకొనని పిల్లవాడు అచ్చట చలిలో శంకువుల వెంట పరుగెత్తుచుండును. చలికాలమున కారు నడుపుటకంటె ఈ కొలువే కష్టము. గాలి కొట్టు బయలున గంటకు పైగా నిలువవలెను. కావున ఉన్నిబట్టలు పొరలుపొరలుగా తొడుగుకొని, చేతులకు, చెవులకు కప్పుకొని, పాదములు తడియకుండ చూచుకొనవలెను. కదలు కారునకు వీపు త్రిప్పరాదనునది వారికి ముందుగా చెప్పు నియమము.

ఇక చలికాలము కారున కేమి చేయునో చూతము. కారు నేలను పట్టుకొనియుండునది నాలుగు టైర్లు నేలను తాకు నాలుగు చోట్ల మాత్రమే. ఒక్కొక్క చోటు మన అఱచేతి కంటె కొంచెము పెద్దది. పట్టు అంతయు ఆ రబ్బరు మెత్తదనముపై ఆధారపడియున్నది. చలికాలపు వేకువను మైనము గట్టిపడునట్లు, వేసవి కొఱకు చేసిన రబ్బరు చలికి బిఱుసెక్కును. గాలి వేడిమి సుమారు 7 సెంటీగ్రేడు డిగ్రీలకు తగ్గినప్పటినుండి ఆ టైర్లు పట్టు కోల్పోవుట ఆరంభించును. గడ్డకట్టు చలికి చాల దిగువన వానిని నడిపినచో పగుళ్లు పాఱునని తయారుచేయువారే హెచ్చరించుచున్నారు. చలిదేశములకు వేఱు మిశ్రమముతో, లోతైన గాళ్లతో చేసిన శీతకాలపు టైర్లు వేఱుగా నున్నవి. మఱియు టైరులోని గాలి చలికి కుదించుకొనును. వేడిమి 10 ఫారెన్‌హీటు డిగ్రీలు తగ్గినచో ఒత్తిడి చదరపుటంగుళమునకు సుమారు 1 పౌను తగ్గును. నవంబరులో కొలిచి జనవరిలో కొలువనివాని టైర్లు తెలియకుండగనే మెత్తబడియుండును.

ఈ టైరుపట్టు అపారమైనది కాదు. కాలువనీటిలో రైతు వంతు వంటిది. తన వంతు గంటలో వచ్చిన నీరంతయు వరికి పెట్టినచో మిరపకు మిగులదు. రెంటికిని పంచినచో రెంటికిని కొంత చాలవలెను. టైరు తన పట్టునంతయు బ్రేకుకు ఖర్చుచేయుచున్నపుడు మలుపు త్రిప్పుటకు మిగులునది లేదు. మలుపున మధ్య బ్రేకు గట్టిగా త్రొక్కినవాని కారు స్టీరింగు ఎంత త్రిప్పినను తిన్నగానే జారిపోవుట కిదియే కారణము. ఎండిన తారుపై ఆ వంతు నిండు కాలువ. మంచుపై అది పిల్లకాలువ. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు బ్రేకు పడినది మొదలు ఎండిన తారుపై సుమారు 13 మీటర్లలో నిలుచును. గట్టిపడిన మంచుపై దాదాపు 40 మీటర్లు, నున్నని మంచుగడ్డపై దాదాపు 100 మీటర్లు పోవును. వేగము రెట్టింపైనచో ఈ దూరము నాలుగు రెట్లగును. పుస్తకములో చదివి ఈ లెక్కను ఒప్పుకొనుట వేఱు, ఒడిదుడుకు లేని మైదానమున తన పాదము క్రింద దానిని తెలిసికొనుట వేఱు. ఆటోక్రాసు వలని ముఖ్యప్రయోజనము ఇదియే.

క్రొత్తవాడు తొలిపరుగున చేయునది యెల్లవారికిని ఒకటే. మలుపు దాక వేగముగా పోయి, భయపడి, ఆలస్యముగా బ్రేకు వేయును, కారు ముందుచక్రములు జారును, అతడు స్టీరింగు ఇంకను త్రిప్పును, ఇంకను జారును. ప్రక్కన కూర్చున్న అనుభవశాలి (క్రొత్తవారికి అట్టి తోడు నిచ్చు వాడుక కలదు) చెప్పు మాటలు రెండే. ఒకటి, తిన్నగా నున్నప్పుడే వేగము తగ్గించి, మలుపులో మెల్లగా ప్రవేశించి, దాటిన పిమ్మట వేగము పెంచుము. రెండవది, దూరముగా చూడుము. కొత్తవాని చూపు ముందరనున్న శంకువుపైననే నిలుచును, చూపు ఎచ్చట నిలిచిన కారు నచ్చటికే పోవును, శంకువు పడును. నాగలి పట్టినవాడు కఱ్ఱుమొనను చూచుచు దున్నినచో సాలు వంకరలు పోవుననియు, ఆవలిగట్టుపై నొక గుఱుతును చూచుచు దున్నినచో తిన్నగా వచ్చుననియు మీకు చెప్పవలసిన పని లేదు.

వెనుకచక్రములు జారుట మఱొక రీతి. అప్పుడు కారు తోక ప్రక్కకు పోయి బొంగరమువలె తిరుగజూచును. పోవలసిన వైపునకే చూచుచు, స్టీరింగును ఆ వైపునకే త్రిప్పి, కాలును మెల్లగా సడలింపవలెను. బెదరి బ్రేకును త్రొక్కరాదు. మఱియు నేటి కార్లలో చక్రము బిగిసి జారకుండ బ్రేకును క్షణమునకు పలుమారులు వదలి పట్టు యంత్రము కలదు. మన దేశముననూ 2019 ఏప్రిల్ నుండి క్రొత్త కార్లకు ఇది తప్పనిసరి. అది పనిచేయునపుడు పెడలు పాదము క్రింద గడగడ వణకును. ఆ వణుకును ఎన్నడు నెఱుగనివాడు, నిజముగా అపాయము వచ్చిన నిమిషమున కారేదో విఱిగినదని తలచి కాలు ఎత్తివేయును. దానిని ముందుగా శంకువుల నడుమ ఎఱుగుట ఎంత మేలో వేఱుగ చెప్పనేల?

చలి మిక్కిలిగానుండు ఉత్తరరాష్ట్రములలో తారునేలపై పోటీలు శరత్తుతో ముగియును. ఫ్లోరిడా, అరిజోనావంటి దక్షిణరాష్ట్రములలో చలికాలమందును సాగును. ఉత్తరమున కొందఱు మంచు కప్పిన పొలములలో ర్యాలీక్రాస్ అను పోటీకి పోవుదురు. ఆటోక్రాసులో పరుగులన్నిటిలో మేలైనదానినే లెక్కింతురు. ర్యాలీక్రాసులో అన్ని పరుగుల కాలములను కలుపుదురు. మొదటి పద్ధతిలో నాలుగుమారులు తప్పినను ఒకమారు తెగించి గెలువవచ్చును. రెండవదానిలో ఒక్క తప్పు దినమంతయు వెంటవచ్చును. రోడ్డుపై మన బ్రదుకు రెండవ పద్ధతిదే గనుక, నేర్చుకొనువానికి అదియే మేలని నా యభిప్రాయము. కొలరాడోలోని జార్జిటౌన్ సరస్సువంటి చోట్ల గడ్డకట్టిన నీటిపైననే పందెములు జరుగుచు వచ్చినవి. మనిషి నడచుటకు 4 అంగుళముల మందము, చిన్న కారునకు 9 మొదలు 10 అంగుళముల మందముగల క్రొత్త గట్టిమంచు ఉండవలెనని మిన్నెసోటా రాష్ట్ర ప్రకృతివనరులశాఖ సూచించుచున్నది. మందము కొలువకుండ మంచుపై బండి తోలుట క్రీడ గాదు.

ఇన్ని లాభములు చెప్పిన పిమ్మట రెండవ ప్రక్కను దాచరాదు. నార్వే దేశమున క్రొత్తగా కారు నేర్చినవారికి జారుడు నేలపై శిక్షణ యిచ్చిరి. 1980 దశకములో ఆ ఫలితములను పరిశీలింపగా, శిక్షణ పొందిన యువకులకు ప్రమాదములు తగ్గకపోగా కొంత పెరిగినట్లు తేలినది. కారణము ఊహింపదగినదే. జారిన కారును నిలుపగలనను ధైర్యము వచ్చినవాడు, జారునంత వేగముగా పోవుటకు వెనుదీయడు. ఈతనేర్చినవాడే ఏటిలో దిగునని మనవారును చూచియున్నారు. మన దేశమున 2022 లో రోడ్డుప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్ర రవాణాశాఖ లెక్క. అందు పెద్దభాగము మితిమీరిన వేగమువలన జరిగినదని ఆ శాఖయే వ్రాసినది. కాబట్టి పిల్లవాడు మైదానమునుండి యేమి నేర్చుకొని వచ్చెనో పెద్దలు విచారింపవలెను. "మంచుపై కారు నిలుచుటకు ఎంత దూరము పట్టినదిరా?" అని అడుగుడు. ఆ దూరమును చెప్పి, ముందుబండికి ఎడము పెంచితినని యన్నచో పాఠము పట్టుబడినట్లు. కారును గుండ్రముగా తిప్పిన ముచ్చటయే చెప్పుచున్నచో ఇంకను కొంతకాలము వానిని అడుగుచుండవలసినదే.

అడుగవలసినవి మఱికొన్ని గలవు. భీమాపత్రములలో పెక్కు, కాలము కొలుచు పోటీలలో కలిగిన నష్టమునకు సొమ్ము ఇయ్యవు; ముందే చదువుకొనవలెను. అద్దెకు తెచ్చిన కారును, మిత్రుని చెప్పక తెచ్చిన కారును తీసికొనిపోరాదు. ఎత్తుగా, సన్నముగా నుండు బండ్లు మలుపులో పల్టీకొట్టవచ్చునని కొన్ని తరగతుల బండ్లను నిర్వాహకులు రానీయరు. ఆ మాటకు ఎదురుచెప్పరాదు. బ్రేకుద్రవము మార్చి ఎన్నాళ్లయినదో, టైర్ల గాళ్లు ఎంత లోతున్నవో ముందురోజు చూచుకొనవలెను. ఉత్తరమున డిసెంబరులో సాయంకాలము నాలుగున్నరకే పొద్దు గ్రుంకును, గ్రుంకినవెంటనే కరగిన నీరు మరల గడ్డకట్టును. మైదానమున ఎన్నడును కలుగని అపాయము ఇంటికి పోవు త్రోవలో కలుగుట కిది వేళ.

అందుచేత అనుభవజ్ఞులు చివరిపరుగు కాగానే బయలుదేఱరు. చక్రపు నట్లను మరల బిగించి చూచుకొందురు. పోటీకి మార్చిన గాలిని రోడ్డునకు తగినంత నింపుదురు. బయట పెట్టిన సామాను నెక్కింతురు. తలుపులపై నంటించిన పెద్ద అంకెలను ఊడదీయుదురు. ఆ అంకెలతో రోడ్డున పోవుచున్నచో చూచువారు పందెపుకారని తలచి ప్రక్కనుండి పందెమునకు పిలుతురని ఒక కారణము, పోలీసువారి కన్ను పడునని వేఱొక కారణము చెప్పుదురు. అటుపిమ్మట వేడి కాఫీ త్రాగి, చేతుల తిమ్మిరి వదలిన తరువాతనే కారు తీయుదురు.